గ్రాక్ అనే మాటకు ఉదాహరణ

కళ్ళద్దాల షాపు, కౌంటరు వెనక నుంచి

వదినా,

మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం నాకూ వచ్చు. ఈసారి పెట్టను. ఫోను చేద్దామనుకున్నాను గానీ ఫోనులో నాకు ఏడుపొస్తుంది. కాగితం మీదైతే తిట్టగలను.

తిట్టేది మిమ్మల్ని కాదు, మీ తమ్ముణ్ణి. మా యజమాని ఇంకో ఊళ్ళో కొత్త షాపు తెరుస్తున్నాడు. పరీక్ష గది, కౌంటరు, ఇద్దరు పనివాళ్ళు, అన్నీ నా చేతికిస్తానన్నాడు. ఏ సంగతీ నెలాఖరులోగా చెప్పమన్నాడు. ఆ ఊరికి ఇక్కడి నుంచి రోజూ వెళ్ళి రావడం కుదరదు. వెళ్తే అక్కడే ఉండాలి.

నిజం చెప్పొద్దూ, ఆ ఉద్యోగం మీద నాకు మరీ అంత మోజు లేదు. మీ తమ్ముడు ఏమంటాడో చూద్దామని భోజనాల దగ్గర అడిగాను. కంచంలోకి చూస్తూ తింటున్నారు. "ఏవండీ, ఆ షాపుకి పొమ్మంటారా?" అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. నాకు ఒళ్ళు మండింది. "సరే, అయితే నేను వెళ్ళిపోతాను. మళ్ళీ రాను" అన్నాను. ఆయన ఏమన్నారో తెలుసా? "ఊ" అన్నారు. అని, మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు.

బెల్లం కొట్టిన రాయి అంటారే, అలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని బతుకుతున్నాను. డిపోలో ఆయన పేరు 'చెవి'. బస్సు మొరాయిస్తే "చెవిని పిలవండ్రా" అంటారట. ఇంజను మీద చెవి ఆనించి ఏ భాగం అరిగిందో చెప్పేస్తారని ఊరంతా పొగుడుతుంది. అంతటి చెవికి ఇంట్లో నా మాట మాత్రం పట్టదు. కొన్నాళ్ళుగా మరీనూ. నేను మాట్లాడుతుంటే లేచి వెళ్ళిపోతారు. చుట్టాలొస్తే పెరట్లోకి పోయి నిలబడతారు. దగ్గరికొస్తే నోరంతా గ్రీజు కంపు. ఏం తింటున్నారండీ డిపోలో, నట్లా బోల్టులా అని అడిగితే దానికీ ఊ. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది నా కాపురం.

వెళ్ళిపోతానంటే కూడా ఊ అన్నాడు. పదేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నా ఈ మనిషి నాకు ఒంటబట్టలేదు.

ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు కదా. మిగతా సగం మొగుడి తరఫున మీరైనా జవాబు చెప్పండి. తల్లీ తండ్రీ మీరే అయి పెంచారు. ఆ మనిషి లోపల ఏముంది? నన్ను ఉండమంటున్నాడా, పొమ్మంటున్నాడా?

మీ మరదలు


నిఘంటువు కార్యాలయం, మేడ మీద గది

మరదలా,

ముక్కు మీద కోపమున్న దానివి నువ్వు కళ్ళద్దాలు ఎలా పెట్టుకుంటావే? జారిపోవూ?

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి నీ కోసం, ఒకసారి నా పని కోసం. నా పని సంగతి ముందు చెబుతాను, ఓపిక పట్టు. మేము ఇంగ్లీషు జీ అక్షరంలో ఉన్నాం. ఎఫ్‌లో 'ఫాథమ్' హాయిగా గడిచిపోయింది. రెండు చేతులూ చాపితే ఎంతో అంత పొడవు, మన 'బార'. వాళ్ళు ఆ బారతో నీళ్ళ లోతు కొలిచి కొలిచి, చివరికి మనిషి లోతు తెలుసుకోవడానికి కూడా అదే మాట వాడుకున్నారు. దానికి తాత ముత్తాతలున్నారు, వంశవృక్షం ఉంది. జీలోకి రాగానే 'గ్రాక్' అని ఒకటి అడ్డం పడింది. దీనికి తల్లీ లేదు, తండ్రీ లేడు. లాటినులో వెతికితే లేదు, గ్రీకులో లేదు. అరవై ఏళ్ళ కిందట ఒక నవలాకారుడు కథ కోసం పుట్టించాడట. అంగారక గ్రహం మీద పెరిగి భూమికొచ్చిన మనిషి కథ. ఆ గ్రహం వాళ్ళ భాషలో గ్రాక్ అంటే నీళ్ళు తాగడం. చుక్క నీరు దొరకని చోట తాగడం చిన్న సంగతా? తాగిన నీరు మనిషిలో కలిసిపోతుంది. ఆ తర్వాత నీరేదో మనిషేదో విడదీయలేవు. అలా కలిసిపోయేంతగా ఒకదాన్ని తెలుసుకోవడం గ్రాక్. కథలోంచి జుట్టు పెంచుకున్న కుర్రకారు పట్టుకున్నారు, వాళ్ళ నుంచి కంప్యూటర్ల వాళ్ళు పట్టుకున్నారు. ఇప్పుడది మా బల్ల మీదికొచ్చి కూర్చుంది.

'అర్థం చేసుకొను' అని రాస్తే నీళ్ళ మజ్జిగలా పలచగా ఉంది. 'ఆకళించుకొను' అంటే పంతులుగారు బెత్తం పట్టుకుని నిలబడినట్టుంది. మా ఎదురుబల్లాయన 'గ్రహించు' వేసేయమన్నాడు. ఆ మాట గ్రహం మీంచి వచ్చింది కాబట్టి సరిపోయిందట. మాటల మొహాలు కలిశాయని చుట్టరికం కలపకండి అని కసిరాను. మెట్లు దిగుతుంటే నవ్వొచ్చింది, అది వేరే సంగతి.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. 'ఒంటబట్టలేదు' అన్నావు చూడు! తిండి ఒంటబడుతుంది, చదువు ఒంటబడుతుంది, ఆ ఊరి నీళ్ళు ఒంటబట్టాయి అంటాం. నెలంతా వెతికిన మాట నువ్వు కోపంలో పారేశావు, నేను ఏరుకున్నాను.

ఇక వాడి సంగతి. వాడు నాకు అరచేతిలో గీత. వాడికి చిన్నప్పటి నుంచీ రెండు 'ఊ'లున్నాయి. పొట్టిగా అంటే ఒప్పుకున్నట్టు. సాగదీసి 'ఊఁ...' అంటే ఇష్టం లేనట్టు. ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదు. నీతో అన్నది ఏ ఊ?

నీ వదిన


పరీక్ష గది, ఎవరూ లేని వేళ

వదినా,

పొట్టి ఊ.

మీ ఉత్తరం చదివి గోడ మీద అక్షరాల పట్టిక వంక చూస్తూ కూర్చున్నాను. అంటే ఒప్పుకున్నారన్నమాట. పొమ్మన్నారన్నమాట. నేనింకా ఆయన మనసులో ఏదో ఉండి బయటికి రావడం లేదేమో అనుకుంటూ వచ్చాను. మీ లెక్కతో అదీ తీరిపోయింది.

మొన్న ఒకాయన వచ్చాడు. ఒక కన్ను మూసి చదవమంటే పట్టికంతా గడగడా చదివేశాడు. నాకు అనుమానమొచ్చి పట్టిక మార్చాను. ఒక్క అక్షరం చెప్పలేకపోయాడు. చూపు పోయిందని తెలిస్తే లారీ తోలనివ్వరని, ముందొచ్చినవాళ్ళు చదువుతుంటే విని బట్టీ పట్టాడు. "తిట్టకండమ్మా" అన్నాడు. తిట్టలేదు. ఇంటికెళ్ళాక కూడా ఆయనే గుర్తొచ్చాడు. ఎందుకో తెలియదు.

ఇంట్లో కాలు నిలవడం లేదు. సామాను సర్దుతాను, మళ్ళీ తీసేస్తాను. ఆయన చూస్తారు, ఏమీ అడగరు. టీవీ మోత పెంచుతారు. నిన్న పక్కింటివాళ్ళు వచ్చి తగ్గించమన్నారు. నాతో మాట్లాడకుండా ఉండటానికి ఇంత మోత కావాలా అనిపించింది. ఈ ఉదయం యజమానికి సరేనని చెప్పేశాను.

అన్నట్టు, ఈ ఎదురుబల్లాయన ఎవరు? ఇదివరకటి ఉత్తరాల్లోనూ అంతే, ఆయన రాకుండా పేజీ తిరగడం లేదు. ఆమాత్రం నాకు కళ్ళద్దాలు లేకుండానే కనబడుతుంది.

మీ మరదలు


నిఘంటువు కార్యాలయం

మరదలా,

తొందరపడ్డావు. సరేనని చెప్పినా బండి ఎక్కే దాకా ఆగు. నేను వాడితో ఫోనులో మాట్లాడతాను. నా మాట వాడు జవదాటడు.

ఎదురుబల్లాయన అంటే ప్రూఫులు చూసే ఆయన. భార్య పోయి చాలా కాలమైంది. మంచివాడే. నా పెన్సిళ్ళు చెక్కి పెడతాడు, నేను వద్దన్నా మానడు. ఇంకేమీ లేదు. ఒకప్పుడు ఏదో మాట వచ్చింది, ముగిసిపోయింది. నువ్వు అడగకు, నేను చెప్పను.

ఒక సంతోషం చెబుతాను. నిఘంటువు ఎలా ఉంటుందో పదిమందికీ చూపడానికి కొన్ని పేజీలు చిన్న పుస్తకంగా వేశాం. మా దగ్గర ఒక నియమం ఉంది: ఉదాహరణ వాక్యాన్ని బల్ల దగ్గర కూర్చుని కల్పించకూడదు. ఎక్కడో ఒక మనిషి నిజంగా అన్నదో రాసిందో అయి ఉండాలి. గ్రాక్ దగ్గర 'వెళ్ళిపోతానంటే కూడా ఊ అన్నాడు, ఈ మనిషి నాకు ఒంటబట్టలేదు' అన్న నీ మాట పెట్టాను! పేరు వేయలేదులే, భయపడకు. నీకు తెలియకుండానే నువ్వు నిఘంటువులోకి ఎక్కావు. ఒక ప్రతి మీ ఇంటికి పంపాను. చదివి మురుస్తాడని కవరు మీద మా తమ్ముడి పేరు రాశాను. వాడికి నా పనంటే గర్వం.

నీ వదిన


కళ్ళద్దాల షాపు

వదినా,

మురిశాడు మీ తమ్ముడు. ఎలా మురిశాడో వినండి.

మిట్టమధ్యాహ్నం షాపులో ఒక ముసలావిడకి కళ్ళు చూస్తున్నాను. ఆయన డిపో బట్టలతోనే లోపలికొచ్చారు. చేతిలో మీ పుస్తకం గుండ్రంగా చుట్టి ఉంది. పెళ్ళైనప్పటి నుంచీ ఆయన నా షాపు గడప తొక్కింది లేదు. పుస్తకం కౌంటరు మీద పరిచి వేలు పెట్టి చూపించారు.

"ఇది నీ మాటేనా?"

చదివాను. నా మాటే. నేను మీకు, మీ ఒక్కరికి రాసుకున్న మాట. పేరు లేకపోతే ఎవరికీ తెలియదనుకున్నారా వదినా? ఆ 'ఊ' ఒక్కటి చాలదూ? ఉదాహరణ దొరికిందని మీరు సంబరపడ్డారు, నా కాపురాన్ని కత్తిరించి అతికించారు. మిమ్మల్ని కడిగేస్తూ రాద్దామని కూర్చున్నాను. కానీ తర్వాత జరిగింది ముందు చెప్పాలి.

"నువ్వు వెళ్ళిపోతానన్నావా? ఎప్పుడు?" అన్నారు.

"భోజనాల దగ్గర. మీరు ఊ అన్నారు" అన్నాను.

"నాతో అనలేదు."

"నిద్రపోయేవాణ్ణి లేపొచ్చు గానీ నటించేవాణ్ణి లేపలేమండీ!" అని గట్టిగా అరిచాను. ఆయన నా కళ్ళలోకి చూడటం లేదు. నా పెదవుల వంక చూస్తున్నారు. "కాస్త నెమ్మదిగా చెప్పు" అన్నారు.

అప్పుడు నాకు ఆ లారీ ఆయన గుర్తొచ్చాడు. ఆయన్ని పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీని గోడవైపు తిప్పాను. వెనక నిలబడి "ఏవండీ" అన్నాను. కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాను. గోడ మీద పట్టిక చూస్తూ కూర్చున్నారు. తిట్టాను. నోటికొచ్చిన తిట్టల్లా తిట్టాను. ఆఖరికి "నాకు వెళ్ళాలని లేదండీ" అన్నాను. ఆయన మెడ వంచి కాలర్ సర్దుకున్నారు.

పక్క బల్ల మీదికి జరిగి కూర్చున్న ముసలావిడ "నాకు వినబడిందమ్మా" అని కళ్ళు తుడుచుకుంది.

ముందు కుడి చెవి పోయిందట, దాని వెనకే ఎడమది, ఏడాది దాటిందట. డిపోలో మోతకి పోయింది. అక్కడ పక్కనే నిలబడి అరిస్తే తప్ప తెలియడం లేదట. చెబితే ఇంజన్ల మీంచి తీసేస్తారని, 'చెవి' అన్న పేరు పెట్టినవాళ్ళే నవ్వుతారని దాచారు. ఇంజను ఎలా చూస్తున్నారు మరి అని కాగితం మీద రాసి అడిగాను. పొడుగాటి స్క్రూడ్రైవరు ఇంజనుకి ఆనించి, పిడిని పళ్ళతో కరిచి పట్టుకుంటారట. అదురు ఎముకల్లోంచి వస్తుందట. వదినా, నేను ఆ నోటిని గ్రీజు కంపని ఈసడించాను. మీ తమ్ముడు నా మాట కూడా ఎక్కడైనా పళ్ళకి తగులుతుందేమో అని ఎదురుచూశాడో ఏమో.

నేను మీకు శంఖం సామెత రాశాను. అది అచ్చు వేయలేదు, అంతవరకు నయం.

మీ పొట్టి ఊ, పొడుగు ఊ లెక్క నమ్మి యజమానికి మాటిచ్చేశాను. ఇప్పుడు నేనేం చేయాలి?

మీ మరదలు


నిఘంటువు కార్యాలయం

మరదలా,

నీ వాక్యం తీసేశాం. మిగిలిన ప్రతులన్నీ వెనక్కి తెప్పించమన్నాను. గ్రాక్ దగ్గర అర్థం ఉంది, ఉదాహరణ లేదు. ఆ ఖాళీ అలాగే ఉండనీ.

నిన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. అది నా పని మీద నాకున్న పొగరు. మంచి వాక్యం కనబడితే అది ఎవరి ఒంట్లోంచి వచ్చిందో మర్చిపోతాను.

అరచేతిలో గీత అన్నాను కదా. రాత్రీ పగలూ ఆ మాట నన్ను పొడుస్తోంది. రెండు ఊలట, లెక్కట! ఎత్తుకుని పెంచానని ఎంత నమ్మకం నాకు. వాడికి వినబడని మాటలన్నిటికీ వాడి తరఫున నేనే జవాబులు చెప్పుకుంటూ వచ్చాను.

ఫోనులో వాడితో ఏడాది పైగా ఇలాగే మాట్లాడుతున్నాను. నేను చెప్పడం, వాడు ఊ అనడం. అందులో ఒకటి గుర్తొచ్చి కుర్చీలో కూర్చోలేకపోతున్నాను. లేస్తాను, కిటికీ దాకా వెళ్తాను, మళ్ళీ వస్తాను. ఎదురుబల్లాయన ఏమైందని అడిగాడు. తలనొప్పన్నాను. నీకు కూడా ఇప్పుడు చెప్పలేను.

నువ్వేం చేయాలో నన్ను అడగకు. ఈసారి వాడినే అడుగు. ఎదురుగా కూర్చుని అడుగు.

నీ వదిన


డిపో, టైర్ల షెడ్డు

అక్కా,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. తప్పులుంటే దిద్దుకో, నీకది అలవాటే.

ఫోర్‌మన్‌కి నేనే చెప్పేశాను, నాకు చెవులు పనిచేయడం లేదని. ఆయన మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. వినబడనిది నాకా ఆయనకా అని అనుమానమొచ్చింది. ఇంజన్ల మీంచి తీసి టైర్లకి వేశారు. కుర్రవాళ్ళు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఎవరూ నా వంక చూడలేదు. దానికంటే నవ్వితే బాగుండేది. రోజంతా ఇంజన్లవైపు చూడకుండా పని చేశాను.

నీ మరదలు నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. చెవిలో పెట్టుకునే మిషను ఇస్తారట. కొంత వినబడుతుంది, అంతా వినబడదన్నాడు. ఇంటికొచ్చాక ఆమె నా ఎదురుగా కుర్చీ వేసుకుని, దీపం తన మొహం మీద పడేలా కూర్చుని, ఆ షాపుకి పొమ్మంటారా అని మళ్ళీ అడిగింది. పెదవులు చూసి తెలుసుకున్నాను. వెళ్ళు, నన్ను కూడా తీసుకెళ్ళు అన్నాను. అక్కడా ఒక డిపో ఉంది, అక్కడ నన్ను చెవి అని పిలిచేవాళ్ళు లేరు. ఆమె ఏడ్చింది. ఏడుపు కనబడుతుంది, వినక్కర్లేదు.

నువ్వు ఆమె వాక్యం అచ్చు వేసినందుకు ఆమెకి ఇంకా కోపంగా ఉంది. నాకు లేదు. అచ్చులో ఉంది కాబట్టే నాకు తెలిసింది.

ఒకటి అడగాలి. ఇంతకాలం ఫోనులో నువ్వు చెప్పినవి నాకు ముక్క కూడా వినబడలేదు. నీ గొంతు ఆగినప్పుడల్లా ఊ అన్నాను. గొంతు ఆగిందని ఎలా తెలిసేదంటే, రిసీవరు అదురు ఆగేది. వాటిలో ముఖ్యమైనవి ఏమైనా ఉంటే కాగితం మీద రాసి పంపు.

తమ్ముడు


నిఘంటువు కార్యాలయం, మేడ మీద గది

ఒరేయ్,

నీ ఉత్తరంలో తప్పులు లేవు. ఉన్నా దిద్దను.

టైర్ల షెడ్డు సంగతి చదివి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నువ్వు బట్టల్లేకుండా వీధిలో పరిగెత్తే రోజుల్నుంచీ ఎరుగుదును నిన్ను. నీకు ఆ ఇంజన్లంటే ఎంతో ఎరుగుదును. ఇదిగో, మళ్ళీ ఎరుగుదును అంటున్నాను. ఈ జబ్బు నన్ను వదలదు.

ముఖ్యమైనవి రాయమన్నావు. నా మోకాలి నొప్పి గురించి చెప్పాను, అది ముఖ్యం కాదు. ఇంటి అద్దె గొడవ చెప్పాను, అదీ తేలిపోయింది. మా ఆఫీసు మేడ కురుస్తోందని చాలాసార్లు చెప్పాను, ఇంకా కురుస్తూనే ఉంది. ముఖ్యమైనది ఒక్కటే ఉంది.

పోయినేడు వానాకాలంలో ఎదురుబల్లాయన నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగాడు. ఈ వయసులో ఇదేం చోద్యమని మొదట కోపమొచ్చింది. తర్వాత ఇల్లు చేరే దాకా కాళ్ళు నేల మీద లేవు. అమ్మా నాన్నా పోయాక నువ్వు, చదువు, ఈ మాటలు, వీటితోనే సరిపోయింది నాకు. ఎవరినీ అడగాల్సిన పని లేదు గానీ నిన్ను అడగకుండా ఏ పనీ చేయలేదు కదా. ఫోను చేశాను. చెప్పడానికి నోరు రాక అటూ ఇటూ చాలాసేపు తిప్పాను. చివరికి "చేసుకోనా?" అని అడిగి ఆగాను.

నువ్వు "ఊఁ..." అన్నావు. సాగదీసి.

నాకు లెక్క తెలుసు కదా! నీకు ఇష్టం లేదనుకున్నాను. ఇంకోసారి అడగడానికి సిగ్గేసింది. మర్నాడు ఆయనతో మా తమ్ముడికి ఇష్టం లేదండి అని చెప్పాను. ఆ వేళ కూడా ఆయన నా పెన్సిళ్ళు చెక్కి పెట్టాడు. ఏడాదిగా రోజూ ఆ బల్లకెదురుగా కూర్చుని, నువ్వు అనని మాటకి నీ మీద అలిగాను. పండిన జుట్టు వేసుకుని నీ మీద అలిగానురా, నీకు తెలియదు.

కిటికీ అవతల ఎండ వచ్చింది. ఆయన ఎదురుగానే ఉన్నాడు, ఏదో ప్రూఫు మీద వంగి కూర్చున్నాడు. ఈ కాగితం మడిచి కవరులో పెట్టి, లేచి ఆయన బల్ల దగ్గరికి వెళ్తాను. ఆయన మనసు మారి ఉండొచ్చు. మారితే మారనీ, ఆయన నోటితో ఆయనే చెబుతాడు, నేను వింటాను.

ఈసారి నిన్ను అడగడం లేదురా. చెబుతున్నాను.

అక్క